ఆపరేటింగ్ సిస్టములు: అవసరమునకు ముందుగా కోడు చేర్చుట

ఆపరేటింగ్ సిస్టమనగా కంప్యూటరు యంత్రభాగములకును, వానిపై నడచు ప్రోగ్రాములకును నడుమ నిలిచి, మెమొరీని, ప్రాసెసరు కాలమును, డిస్కును, నెట్‌వర్కును అన్నిటికిని పంచి యిచ్చుచు, ఒకదాని సొత్తు వేఱొకటి తాకకుండ కాపాడు మూల ప్రోగ్రాము. దాని గర్భభాగమునకు కెర్నెల్ అని పేరు. సామాన్యమైన ప్రోగ్రాములో దొరలిన లోపము ఆ ప్రోగ్రామును మాత్రమే చెఱచును. కెర్నెల్‌లో దొరలిన లోపము యంత్రమునంతటిని చెఱచును. అందుచేతనే, నేడు వాడువారెవ్వరును లేకున్నను రేపు కావలసి రావచ్చునని తోచిన కోడును కెర్నెల్‌లో నేడే చేర్చవచ్చునా, లేక కోరువాడు వచ్చి వాకిట నిలుచునంతవఱకు ఆగవలెనా యను ప్రశ్న ఈ శాస్త్రమును దాని బాల్యమునుండియు వెన్నాడుచున్నది.

ఈ వివాదమున రెండు పక్షములకును తెలుగు సామెతలు సిద్ధముగనే యున్నవి. ‘ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము’ అనునది ముందుగా చేర్చుటను ఆక్షేపించువారి మాట. ‘ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వినట్లు’ అనునది ఆగుటను ఆక్షేపించువారి మాట. అర్ధశతాబ్దికి మించిన అనుభవము తేల్చిన దేమనగా, రెండును సత్యములే కాని వాని పరిధులు వేఱు: కట్టడము అవసరమును అనుసరించి రావలెను, కట్టడమునకు కావలసిన చోటు మాత్రము అవసరమునకు ముందే విడువబడి, అన్యాక్రాంతము కాకుండ కాపాడబడవలెను.

లోపలి కోడు, బయటి కోడు

ఈ ప్రశ్నను విచారించునపుడు మొట్టమొదట గుర్తింపవలసిన భేద మొకటి కలదు. కెర్నెల్ లోపలి భాగములు పరస్పరము పిలుచుకొను కోడు ఒక తెఱగు. బయటి ప్రోగ్రాములు కెర్నెల్‌ను సేవ కోరుటకై పిలుచు ద్వారములు, అనగా సిస్టమ్ కాల్‌లు, మఱియొక తెఱగు. లోపలి కోడు ఇంటిలోని సామాను వంటిది: అక్కఱ లేదని తేలిన నాడు ఎవ్వరి అనుమతియు లేకయే తీసివేయవచ్చును. సిస్టమ్ కాల్ అట్టిది కాదు. అది లోకమునకిచ్చిన వాగ్దానము. నిన్న నడచిన ప్రోగ్రాము కెర్నెల్ మారినంత మాత్రమున నేడు ఆగిపోరాదను నియమమును లినక్సు అను ఆపరేటింగ్ సిస్టము నిర్మాతలు తొలినుండియు కఠినముగా పాటించుచున్నారు. అందుచే ఒకసారి తెఱచిన ద్వారము, దానిని వాడువాడు ఒక్కడున్నను, దాదాపు శాశ్వతముగా తెఱచియే యుండవలసి వచ్చును. లోపలి కోడును తొందరపడి చేర్చినందువలన కలుగు నష్టము దిద్దుకొనదగినది; బయటి ద్వారమును తొందరపడి పెట్టినందువలన కలుగు నష్టము వంశపారంపర్యముగా వచ్చు అప్పు వంటిది.

చరిత్ర

ఐ.బి.ఎం. సంస్థ 1964 ఏప్రిల్ 7వ తేదీన సిస్టమ్ 360 అను యంత్రకుటుంబమును ప్రకటించి, ఆ కుటుంబములోని యంత్రముల కెల్లను చాలునట్టి ఓయస్ 360 అను ఆపరేటింగ్ సిస్టమును తలపెట్టెను. ఆ నిర్మాణమునకు నాయకత్వము వహించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో వెలువరించిన ‘ది మిథికల్ మ్యాన్ మంత్’ అను గ్రంథమున తన పనిని తానే నిర్దాక్షిణ్యముగ పరీక్షించుకొని, నిర్మాత తన మొదటి సిస్టములో సంకోచముచే విడిచిన అలంకారములనెల్ల రెండవ దానిలో గుప్పించునని హెచ్చరించెను. ఆయన చూపిన ఉదాహరణము చిన్నదే యైనను మఱపునకు రానిది. తేదీ మార్చు కోడు ఎల్లప్పుడును మెమొరీలోనే నిలిచి యుండును. అందు 26 బైట్లు లీపు సంవత్సరపు డిసెంబరు 31ని, అనగా 366వ దినమును, సరిగా దాటించుటకే వెచ్చింపబడినవి. నాలుగేండ్ల కొకసారి యంత్రము నడపువాడు చేతితో చేసివేయదగిన పని కొఱకు, మెమొరీ మిక్కిలి ప్రియముగానున్న ఆ దినములలో, ప్రతి యంత్రమును ప్రతి దినమును పన్ను చెల్లించినది.

ఆ కాలముననే మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ, బెల్ ప్రయోగశాలలు కలిసి, విద్యుచ్ఛక్తి వలె కంప్యూటరు సేవను గూడ ఊరికంతకు అందింపవలెనను మహాశయముతో మల్టిక్సు అను సిస్టమును ప్రారంభించినవి. రాబోవు తరముల అవసరములను ముందే ఊహించి కట్టుచుండిన ఆ భవనము పూర్తి యగుటకు మిక్కిలి ఆలస్యమాయెను. 1969లో బెల్ ప్రయోగశాలలు ఆ ప్రయత్నమునుండి విరమించుకొన్నవి. మల్టిక్సు వ్యర్థము కాలేదు. అది 2000 అక్టోబరు వఱకు నడచినది, అందలి రక్షణభావములు అనేక సిస్టములకు భిక్ష పెట్టినవి. కాని ఆ విరమణ పిదప కెన్ థాంప్సన్ 1969లో పీడీపీ 7 అను చిన్న యంత్రముపై ఆరంభించి, డెనిస్ రిచీ తోడ్పాటుతో పెంచిన యూనిక్సు, తనకును తన తోటివారికిని ఆనాడు కావలసినంత మాత్రమే కట్టుకొనుట అను వ్రతముతో బయలుదేరి లోకమునెల్ల వ్యాపించెను.

యూనిక్సు చరిత్రలోనే వేచియుండుట యెట్లు ఫలించునో చూపు ఘట్టమొకటి కలదు. గొట్టములను బిగించినట్లు ఒక ప్రోగ్రాము ఫలితమును మఱియొక ప్రోగ్రాము నోటికి బిగింపగల సాధన ముండవలెనని డగ్లస్ మెకిల్‌రాయ్ 1964లోనే వ్రాసిపెట్టెను. ఆ భావము తొమ్మిదేండ్లు కాగితముపై నుండెను. 1973లో థాంప్సన్ దానిని పైపు అను పేర సిస్టములో చేర్చునప్పటికి, బిగించుటకు తగిన చిన్న చిన్న ప్రోగ్రాములు అనేకము అచ్చట సిద్ధముగా నుండెను; చేర్చిన వెంటనే వాని నెల్లను పైపులకు అనుకూలముగ మలచుకొనిరి. 1964లోనే తొందరపడి కట్టి యుండినచో ఆ పైపునకు రెండు కొనలయందును ప్రోగ్రాములు లేకపోయెడివి.

లినక్సు కథయు దీనికి తోడు నిలుచును. 1991 సెప్టెంబరులో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ విడుదల చేసిన తొలి ప్రతి సుమారు 10,000 పంక్తులది. అది 386 ప్రాసెసరుపై తప్ప వేఱొక దానిపై నడవదు. అన్ని యంత్రములపైని నడుచునట్లు ముందే కట్టలేదను విమర్శ ఆనాడు వచ్చెను. కాని ఆల్ఫా ప్రాసెసరుపై నడుపవలసిన నిజమైన అవసరము వచ్చినపుడు, ఏ భాగములు యంత్రమునకు చెందినవో ఏవి సర్వసామాన్యములో కండ్లయెదుట తేలెను. 1995లో వచ్చిన 1.2 ప్రతి ఆల్ఫా, స్పార్క్, మిప్స్ ప్రాసెసరులపై గూడ నడచినది. రెండవ యంత్రము చేతికి రాకమునుపు గీచిన సరిహద్దు ఊహ మాత్రమే యై యుండెడిది.

ముందుగా చేర్చుటవలని నష్టములు

వాడుకలేని కోడు ఉచితముగా పడియుండునని తలచుట పొరపాటు. చుట్టుపట్ల కోడు మారినప్పుడెల్ల దానిని గూడ మార్చవలెను. దానిని గూడ చదువవలెను, పరీక్షింపవలెను. కాని వాడువాడు లేనందున పరీక్ష ఫలించినదో లేదో చెప్పువాడును లేడు. నడవని త్రోవపై ముండ్లకంప పెరిగినట్లు, వాడుక లేని కోడులో లోపములు నిశ్శబ్దముగా పెరుగును.

దీనికి డీసీసీపీ చరిత్ర కంటె స్పష్టమైన దృష్టాంతము దొరకుట కష్టము. పలుకును, దృశ్యమును నెట్‌వర్కుపై పంపుటకు అనువుగ, రద్దీని గమనించి వేగమును తగ్గించుకొనునట్లు రూపొందించిన రవాణా పద్ధతి యది. ప్రమాణపత్రము 2006 మార్చిలో వెలువడినది. లినక్సులో దాని కోడు అంతకు ముందే, 2005లో 2.6.14 ప్రతిలో, చేరినది. భావన గొప్పది, రచించినవారు సమర్థులు. కాని ఊహించిన వాడుకదారులు రాలేదు. ఆ కోడు మాత్రము అసంఖ్యాకములైన యంత్రములకు చేరినది. పలు లినక్సు పంపిణీలలో ఏ సామాన్య వాడుకదారు కోరినను ఆ భాగము తనంత తానే మెమొరీలోనికి ఎక్కుచుండెను. 2017 ఫిబ్రవరిలో దానియందొక లోపము బయటపడెను: ఒకే మెమొరీ ఖండమును రెండుమారులు విడుదల చేయు ఆ పొరపాటువలన సామాన్య వాడుకదారు యంత్రమునకెల్ల అధికారి కాగలడు. పదునొకండేండ్లుగా తమ కవసరము లేని గది తలుపు తెఱచియున్నదని ఆ యంత్రముల యజమానులు అప్పుడు తెలిసికొనిరి. 2025లో ఆ కోడు లినక్సునుండి తీసివేయబడెను.

ఊహించువాడు పొరబడుట ఎట్లుండునో చూడగోరువారు ఎపోల్ క్రియేట్ అను సిస్టమ్ కాల్‌ను దగ్గఱగా పరిశీలింపదగును. వేలకొలది నెట్‌వర్కు బంధములను ఒకేసారి కనిపెట్టి యుండుటకై 2002లో లినక్సు అభివృద్ధి ప్రతులలో చేరిన సాధనమది. ఎన్ని బంధములు రానున్నవో పిలుచువాడు ముందే చెప్పినచో కెర్నెల్ తగినంత చోటు సిద్ధపఱచుకొనునని భావించి, దానికొక సంఖ్యను అడుగునట్లు ఏర్పఱచిరి. 2.6.8 ప్రతినుండి కెర్నెల్ ఆ సంఖ్యను చూచుటయే మానివేసినది. చోటును అవసరమును బట్టి పెంచుకొనుట దానికి తెలిసినది. అయినను పాత ప్రోగ్రాముల కిచ్చిన మాట కొఱకు ఆ సంఖ్య సున్న కంటె ఎక్కువగా నుండవలెనను నియమము మిగిలిపోయినది. నేటికిని ఆ కాల్‌ను పిలుచు ప్రతివాడును ఎవ్వరును చదువని సంఖ్య నొకదానిని అర్పించుకొనుచున్నాడు. ఇంతకును నిజముగా కావలసివచ్చినది వేఱొకటి, అనగా రీతులను సూచించు జెండాల గడి. అది లేనందున 2008లో 2.6.27 ప్రతిలో ఎపోల్ క్రియేట్ 1 అను రెండవ కాల్‌ను చేర్చవలసి వచ్చెను. అక్కఱ లేనిదానిని ఊహించిరి, అక్కఱయైన దానిని ఊహింపలేకపోయిరి. ఆ రచయితలు తెలివి తక్కువవారు కారు. భవిష్యత్తు స్వభావమే యట్టిది.

లోపలి కోడు విషయములో హెచ్.ఎం.ఎం. అనబడు భాగము గమనింపదగినది. గ్రాఫిక్సు ప్రాసెసరును ప్రధాన ప్రాసెసరును ఒకే మెమొరీ చిత్రమును పంచుకొనునట్లు చేయు ఆ కోడు, కెర్నెల్‌లోనే దానిని వాడు డ్రైవరు, అనగా యంత్రభాగమును నడపు కోడు, ఏదియు లేకుండగ, 2017లో 4.14 ప్రతిలో ప్రవేశము పొందినది. నూవో అను డ్రైవరు దానిని వాడ మొదలిడిన పిదప గాని అందలి యే భాగము నిజముగా పనికివచ్చునో తెలియలేదు. 2019లో వాడుక లేని భాగములు కొన్ని తొలగింపబడెను, మిగిలినవి చాలవఱకు మార్చి వ్రాయబడెను.

కోడు మూల్యమును అంకెలలో చూపగలిగిన పరిశోధనయు ఒకటి కలదు. ఆస్ట్రేలియాలో రూపొందిన యస్.ఈ.ఎల్ 4 అను సూక్ష్మ కెర్నెల్ నిర్దోషమని 2009లో గణితరీతిని నిరూపించిరి. ఆ కెర్నెల్ సుమారు 8,700 పంక్తుల సీ కోడు. ఆ నిరూపణము రమారమి 2,00,000 పంక్తులు. అనగా కెర్నెల్‌లోని ప్రతి పంక్తికిని ఇరువదికి పైబడిన పంక్తుల సాక్ష్యము కావలసి వచ్చెను. అట్టి చోట ‘పడియుండనిమ్ము’ అనుటకు వీలు లేదు. ఒక భావమును కెర్నెల్ వెలుపల నుంచుట వలన సిస్టమునకు కావలసిన పని అసాధ్య మగునప్పుడు మాత్రమే దానిని లోపలికి రానీయవలెనని యోకెన్ లీట్‌కె 1995లో ప్రతిపాదించిన సూత్రమునకు ఈ లెక్కయే వ్యాఖ్యానము.

ఆపరేటింగ్ సిస్టము కాకున్నను అవసరములేని కోడు తెచ్చిన అనర్థమునకు ఏరియాన్ 5 రాకెట్టు నిదర్శనము. 1996 జూన్ 4న ఎగిరిన నిమిషములోపలనే అది ముక్కలాయెను. దిశాసూచక యంత్రములో, ఏరియాన్ 4 కొఱకు వ్రాయబడి క్రొత్త రాకెట్టులో ఎగిరిన పిదప ఏ ప్రయోజనమును లేని గణన యొకటి నడచుచుండెను. 64 బిట్ల సంఖ్య 16 బిట్లలో ఇముడక ఆ గణనయే విఫలమై, దానితో దిశాజ్ఞానమెల్ల నశించెను.

ముందుగా చేర్చక తప్పని సందర్భములు

ఇంత చెప్పిన పిదప నుయ్యి త్రవ్వుటను గూర్చిన సామెతను మఱవరాదు. అవసరము వచ్చుట నిశ్చయమై, అది వచ్చు కాలము తెలిసియుండి, సిద్ధపడుటకు ఏండ్లు పట్టునట్టి విషయములలో ఆగుట అపరాధమే యగును.

ప్రాసెసరు నిర్మాతల పని ఇట్టిది. ఏఎండీ సంస్థ తన 64 బిట్ల ప్రాసెసరు లక్షణములను ముందే ప్రకటించి, అది రూపొందక పూర్వమే సిమ్యులేటరుపై లినక్సును, నెట్‌బీయస్డీని నడిపించుటకు తోడ్పడెను; 2003 ఏప్రిల్ 22న ఆప్టెరాన్ విపణికి వచ్చిన నాటికి దానిపై నడచు సిస్టములు సిద్ధముగా నుండెను. ఇచ్చట వాడుకదారు లేకపోలేదు. వచ్చుచున్న వాడుకదారు సిమ్యులేటరు రూపమున ముందే పీఠమెక్కెను, కోడు పరీక్షింపబడెను. అట్లే మెమొరీ చిరునామాలను 48 బిట్లనుండి 57 బిట్లకు పెంచు అయిదంతస్తుల పట్టికల కోడును ఇంటెల్ ఇంజనీర్లు 2017లోనే, 4.14 ప్రతి నాటికి, లినక్సులో చేర్చిరి. ఆ శక్తి గల సర్వరు ప్రాసెసరులు 2021లో వచ్చెను. ఇట్టి నిశ్చయము గూడ ఒక్కొక్కప్పుడు తప్పును. ఐటేనియం ప్రాసెసరు కొఱకు లినక్సు అది విక్రయమునకు రాకముందే సిద్ధమాయెను. ఆ ప్రాసెసరు ఆశించిన ప్రచారమును పొందనే లేదు. 2024 జనవరిలో 6.7 ప్రతితో ఆ కోడు తొలగింపబడెను.

ఐపీవీ 6 నెట్‌వర్కు పద్ధతి దీర్ఘకాలిక నిరీక్షణమునకు ఉదాహరణము. 1995 డిసెంబరులో తొలి ప్రమాణపత్రము వెలువడగా, 1996లోనే లినక్సు అభివృద్ధి ప్రతులలో దాని కోడు చేరినది. పాత పద్ధతిలోని చిరునామాల కేంద్రనిధి 2011 ఫిబ్రవరి 3న నిండుకొనెను. 2012 జూన్ 6న పెక్కు సంస్థలు క్రొత్త పద్ధతిని శాశ్వతముగా ఆరంభించినవి. చిరునామాలు తఱిగిపోవుట గణితమువలె నిశ్చితము కనుకను, లోకములోని యంత్రములన్నియు ఒకనాట మారజాలవు కనుకను, ఆ పదునైదేండ్ల ముందస్తు వృథా కాలేదు. 2016 పిదప భారతదేశమున కోట్ల కొలది జనము చేతిఫోనులలో నెట్‌వర్కును చవిచూచినపుడు వారి ఫోనులలోని సిస్టములు ఆ పద్ధతిని ఏనాడో నేర్చియుండెను.

కాలగణనము వీనిలో మిక్కిలి స్పష్టమైనది. యూనిక్సు సంప్రదాయములో కాలమును 1970 జనవరి 1నుండి గడచిన సెకండ్ల సంఖ్యగా లెక్కింతురు. ఆ సంఖ్యను 32 బిట్లలో ఉంచినచో అది 2,14,74,83,647 కంటె మించజాలదు. 2038 జనవరి 19న, మన గడియారము ప్రకారము ఉదయము 8 గంటల 44 నిమిషముల 7 సెకండ్లకు, ఆ పాత్ర నిండును. మఱుసటి సెకండున ఆ సంఖ్య ఋణసంఖ్యయై కాలము 1901వ సంవత్సరమునకు జారిపోవును. 2014 మే నెలలో విడుదలయైన ఓపెన్ బీయస్డీ అను సిస్టము యొక్క 5.5 ప్రతి కాలమునకు 64 బిట్ల పాత్రను ఇచ్చెను. 32 బిట్ల యంత్రములపై ఈ మార్పును నిర్వహింపగల లినక్సు కెర్నెల్ 2020 మార్చిలో 5.6 ప్రతిగా వచ్చెను. పదునెనిమిదేండ్లు ముందుగా తొందరపడుట ఏల యని అడుగరాదు. నేడు కర్మాగారములలోను, వాహనములలోను అమర్చుచున్న చిన్న యంత్రములు కొన్ని ఆ ఉదయమును చూచునంత కాలము బ్రదుకును. వాని లోపలి కోడును మార్చుటకు పిదప ఎవ్వరును పోజాలరు.

చోటు విడుచుట, చోటును కాపాడుట

మన పట్టణములలో ఒక అంతస్తు ఇల్లు కట్టుకొన్న గృహస్థు స్తంభముల ఇనుప చువ్వలను డాబాపై రెండు మూడడుగులు విడిచిపెట్టును. మీది గది నాతడు నేడు కట్టడు. ఎన్ని గదులో, ఎవరికో నిర్ణయింపనైన నిర్ణయింపడు. కాని వివేకవంతుడు ఆ చువ్వలకు సిమెంటు పాలు పూసి త్రుప్పు పట్టకుండ కాపాడును. ఆపరేటింగ్ సిస్టముల విషయమున ఈ రెండవ పనియే తఱచుగా మఱవబడినది.

మోటరోలా 68000 ప్రాసెసరులో చిరునామా పాత్ర 32 బిట్లదే కాని బయటికి 24 బిట్లు మాత్రమే పోవుచుండెను. మిగిలిన 8 బిట్లు భవిష్యత్తు కొఱకు విడిచిన చోటు. 1984 నాటి మెకింటాష్ సిస్టము ఆ ఖాళీని చూచి, మెమొరీ పొదుపు కొఱకు, తన గుర్తులను అందు దాచుకొనెను. పిదప 32 బిట్లను పూర్తిగా వాడు ప్రాసెసరులు రాగా ఆ గుర్తులు చిరునామాలో భాగములై ప్రోగ్రాములు కూలెను. 1991లో సిస్టమ్ 7 వచ్చు నాటికి ఆ దిద్దుబాటు పెద్ద ప్రయాసగా పరిణమించెను. ఈ గుణపాఠమును నేర్చిన ఏఎండీ నిర్మాతలు 64 బిట్ల చిరునామాలో 48 బిట్లు మాత్రమే వాడినప్పుడు, మిగిలినవన్నియు 47వ బిట్టునకు ప్రతిరూపములై యుండవలెనని, కానిచో ప్రాసెసరు తిరస్కరించునని శాసించిరి. ఖాళీ చోటునకు కాపలా పెట్టుట యనగా నిదియే. అయినను కొన్ని ప్రోగ్రాములు తమలో తాము ఆ పై బిట్లను గుర్తులకు వాడుకొనుచుండినందున, 57 బిట్ల చిరునామాలు వచ్చినపుడు, ప్రోగ్రాము కోరిననే తప్ప పై చిరునామాలను ఇయ్యరాదని లినక్సు నిర్ణయింపవలసి వచ్చెను.

సిస్టమ్ కాల్‌ల జెండాల కథయు ఇట్టిదే. ఫైలును తెఱచు ఓపెన్ అను ప్రాచీనమైన కాల్, తనకు తెలియని జెండాలను చూచియు చూడనట్లు ఊరకుండును. తప్పు జెండాలను పంపిన ప్రోగ్రాములు గూడ నడచిపోవుచుండుటచే, ఆ స్థానములకు క్రొత్త అర్థము నిచ్చుట అపాయకరమాయెను. 2020లో 5.6 ప్రతితో వచ్చిన ఓపెన్ యాట్ 2 తెలియని జెండాను స్పష్టముగా తిరస్కరించును. డూప్ 2, పైప్, యాక్సెప్ట్ అను కాల్‌లకు జెండాల గడియే లేకుండెను. అందుచే 2008లో డూప్ 3, పైప్ 2, యాక్సెప్ట్ 4 అను జంటలు పుట్టెను. ఒక ఖాళీ గడిని విడిచి, అందు సున్న తప్ప వేఱొకటి పెట్టినచో అంగీకరింపమని తొలినాడే చెప్పియుండినచో ఈ పునర్జన్మలు అక్కఱలేకపోయెడివి. ఆ గడికి నాడు కావలసిన కోడు ఒక్క పోలిక మాత్రమే.

తెలుగు లిపికి గూడ ఈ విషయముతో నిజమైన సంబంధము కలదు. ఆపరేటింగ్ సిస్టములన్నియు అనుసరించు యూనికోడ్ ప్రమాణము 1991లో తెలుగునకు 128 స్థానములను కేటాయించెను. భారతీయ లిపులలో సమానాక్షరములు సమాన స్థానములయందుండవలెనను ఐస్కీ సంప్రదాయమును పాటించినందున, తమిళ మలయాళములలోని ఴ అక్షరమునకు సరియగు చోటు తెలుగు వరుసలో ఖాళీగా నుండెను. ప్రాచీన శాసనములలో కానవచ్చి పిదప వాడుకనుండి జాఱిపోయిన ఆ అక్షరమును కంప్యూటరులో వ్రాయవలసిన అవసరము శాసనపరిశోధకులకు కలిగినపుడు, 2014లో ఆ ఖాళీలోనే, తన సోదరాక్షరముల సరసనే, అది ఆసీనమయ్యెను. ౘ, ౙ అక్షరములు 2008లో ఆ వరుసలోని వేఱు ఖాళీ స్థానములలో చేరినవి. ఇరువది మూడేండ్లు ఴ స్థానము ఖాళీగా నున్నందువలన ఎవ్వరికిని నష్టము కలుగలేదు. దాని కొఱకు ఒక్క పంక్తి కోడైనను ముందుగా వ్రాయబడలేదు. కాని ఆ స్థానమును వేఱొక గుర్తున కిచ్చియుండినచో ఆ క్రమము శాశ్వతముగా చెడియుండెడిది.

ఆచరణ పద్ధతులు

ఈ వివేకమును నిత్యాచారముగ మార్చుటకు లినక్సు సమాజము కొన్ని కట్టుబాట్లను ఏర్పఱచుకొన్నది. క్రొత్త అంతర్గత సాధనమును తెచ్చువాడు దానిని వాడు కోడును గూడ వెంట తేవలెను. వాడుకదారు లేని సాధనమును పరిశీలకులు సాధారణముగా త్రిప్పి పంపుదురు, చేరిన పిదప వాడుక తొలగినచో దానిని తీసివేయుదురు. ఇంకను పరిపక్వము కాని డ్రైవరుల కొఱకు 2008లో 2.6.28 ప్రతినుండి స్టేజింగ్ అను ప్రత్యేక విభాగమును ఏర్పఱచిరి. అది ఇంటికి వచ్చిన క్రొత్తవారిని కూర్చుండబెట్టు వసారా వంటిది. పరిణతి పొందినది లోపలికి పోవును, పొందనిది వెలుపలికి పోవును.

వెలుపలనే పెరుగుట మఱియొక మార్గము. నిర్ణీత కాలములో తప్పక స్పందించు రియల్ టైమ్ కెర్నెల్ కోడు దాదాపు ఇరువదేండ్లు ప్రధాన ప్రతికి వెలుపల, వేఱు ప్యాచీల రూపమున, నిజమైన కర్మాగారములలో వాడబడుచు పెరిగినది. అందు సర్వోపయుక్తములైన భాగములు ఒకటొకటిగ లోపలికి వచ్చి, 2024 నవంబరులో 6.12 ప్రతితో ఆ కార్యము ప్రధాన ప్రాసెసరు రకములపై నెఱవేఱినది. ఇంత కాలము పట్టుట ఆ పనివారికి దుస్సహమే యయ్యెను. కాని చేరిన నాడు ఆ కోడు ఊహ కాదు, అనుభవము.

చేర్చుట యెంత ముఖ్యమో తొలగించుట యంత ముఖ్యము. 2013లో 3.8 ప్రతితో లినక్సు తనకు జన్మస్థానమైన 386 ప్రాసెసరునే విడిచెను. 2018లో 4.17 ప్రతినుండి ఎనిమిది ప్రాసెసరు రకముల కోడు, దాదాపు 5 లక్షల పంక్తులు, ఒక్కసారిగ తొలగింపబడెను. తొలగించుటకు ధైర్యము గల సమాజమే చేర్చుటలో కొంత ఔదార్యమును చూపగలదు. తొలగింపజాలని చోట, అనగా సిస్టమ్ కాల్‌ల యందు, లోభమే ధర్మము.

నిర్ణయమునకు ఆధారములు

పై వృత్తాంతముల నుండి ప్రశ్నలు నాలుగు తేలుచున్నవి. అవసరము నిశ్చితమా, ఊహామాత్రమా? కాలగణన నిశ్చితము, డీసీసీపీ వాడుక ఊహ. అవసరము వచ్చిన పిదప సిద్ధపడుటకు వ్యవధి యుండునా? పైపునకు ఉండెను, 2038 నాటి యంత్రములకు ఉండదు. చేర్చిన దానిని తరువాత తొలగింపవచ్చునా? లోపలి కోడునైన తొలగింపవచ్చును, ఎపోల్ అడుగు సంఖ్యను తొలగింపలేము. చేర్చుచున్నది కోడా, చోటా? ఈ చివరి ప్రశ్నయే తక్కిన మూటికిని తాళపుచెవి.

1990 దశకము చివర ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ ప్రవర్తకులు, అవసరము పడునంతవఱకు దేనినీ వ్రాయవలదను నియమమును ‘యాగ్ని’ అను పొట్టి పేర ప్రచారము చేసిరి. అనువర్తనముల రచనకు అది మంచి ఔషధము. కెర్నెల్ రచయితకు మాత్రము అందులో సగమే పథ్యము. ఏలయన ఆతడు కోడును వాయిదా వేయగలడు కాని, ద్వారపు కొలతలను వాయిదా వేయజాలడు. ద్వారమును పెట్టిన నాడే ఒక గడిని ఖాళీగా విడిచి, ఆ గడిలోనికి ఏమియు రానీయక, రేపు వచ్చువాని కొఱకు దానిని శుభ్రముగా నుంచుట ఆతని విధి. ఆ వచ్చువా డెవడో ఆతడు ఎఱుగనక్కఱలేదు. ఏ అక్షరము అడిగి వచ్చునో తెలియకయే ఇరువది మూడేండ్లు అంటకుండ నిలిచిన ఆ తెలుగు స్థానము అట్టి విధికి చక్కని సాక్ష్యము.